మోకాలు, నడుము, భుజం నొప్పులు: ఇంట్లోనే కసరత్తు ఎలా చేసుకోవాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్ళకి నొప్పి వస్తే జరిగేది దాదాపు ఒకటే వరస. ముందు బామ్, తర్వాత నూనె మర్దన, అది పని చేయకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, ఆ తర్వాత ఎవరో చెప్పిన ఇంజెక్షన్, చివరికి "గుజ్జు అరిగిపోయిందట, ఇక ఇంతే" అని మంచం ఎక్కడం. ఫిజియోథెరపీ ఈ వరసలో అన్నిటికంటే వెనక వస్తుంది, వచ్చినా "కరెంటు పెట్టించుకున్నానండీ, తగ్గలేదు" అంటారు. కరెంటు పెట్టడం ఇందులో చిన్న ముక్క, అదీ కాసేపు ఉపశమనానికి. అసలు పని బలం పోయిన కండరానికి మళ్ళీ బలం తేవడం, బిగుసుకున్న కీలుని మళ్ళీ కదిలించడం. అది మీరు మీ ఇంట్లో చాప మీద, గోడ పక్కన చేసుకునేదే. నేను ఈ పనిలోనే ఉన్నాను, రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, కసరత్తు చేయకూడని నొప్పి ఏదో చూసుకోండి

నడుము నొప్పితో పాటు మలమూత్రాలు వచ్చే చోటు, తొడల లోపలివైపు మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, రేపు చూద్దాం అనకూడదు. పాదం పైకి లేవక నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా అంతే. ఒక కీలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే లోపల ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే నరం పట్టేసిందని నలపకండి, రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. ఏ పక్కకి తిరిగి పడుకున్నా తగ్గని వెన్నునొప్పి, దాంతో పాటు బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం ఉంటే వెన్నుపూస టీబీ కూడా కావచ్చు, చూపించుకోవాలి. ఎడమ భుజం నొప్పి చెమటలతో, ఆయాసంతో వస్తే అది భుజం సంగతి కాదు, గుండె సంగతి. పొద్దున లేచాక రెండు చేతుల వేళ్ళూ గంటసేపు బిగుసుకుపోతున్నాయంటే కీళ్ళవాతం ఉందేమో రక్తపరీక్షలో తేల్చుకోవాలి. దానికి మందు కావాలి, కసరత్తు ఒక్కటే చాలదు.

కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల వాళ్ళకి ఇంకో మాట. మన ఏజెన్సీ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, 2023 జులైలో కేంద్రం దీని కోసమే ఒక మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేస్తున్నారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళ ఎముకల నొప్పికి ఐసు పెట్టకూడదు, చలికి రక్తనాళాలు ముడుచుకుని నొప్పి ఇంకా ముదురుతుంది. వయసులో ఉన్నవాళ్ళకి తుంటిలో నొప్పి వచ్చి కుంటుతుంటే తొడ ఎముక తలకి రక్తం అందడం లేదేమో ఎక్స్‌రేలో, అవసరమైతే ఎమ్మారైలో చూడాలి. ఆ తర్వాతే వ్యాయామం.

ఇక నొప్పి మాత్రలు. ఇచ్ఛాపురం దాటితే ఉద్దానం, అక్కడ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇన్నేళ్ళయినా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వారాల తరబడి మింగితే కిడ్నీకి చేటు అన్నది ఎప్పుడో తేలింది. అటువైపు చుట్టాలున్నవాళ్ళు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా ఆ మాత్రలు కొనకండి. సంతలో అమ్మే పేరులేని "వాతం పొడి" సంగతైతే చెప్పక్కర్లేదు, అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి.

నొప్పిని కొలవడం నేర్చుకోండి

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. కసరత్తు చేస్తున్నప్పుడు మూడు, నాలుగు దాకా వచ్చినా ఫరవాలేదు, అది పాడైపోతున్నట్టు గుర్తు కాదు. చూడాల్సింది మర్నాడు పొద్దున. నిన్న పొద్దున్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంటే మోతాదు సరిపోయింది. ఎక్కువైతే సగానికి తగ్గించండి. తగ్గించమన్నాను, మానేయమనలేదు. మనవాళ్ళు పొరపడేది ఇక్కడే, మొదటి రోజు హుషారుగా యాభై సార్లు చేసేసి, మర్నాడు లేవలేక "నాకు పడలేదు" అని ఆపేస్తారు. పదితో మొదలుపెట్టి వారానికి కొంచెం కొంచెం పెంచినవాళ్ళు నిలబడతారు.

ఇంకోటి, మొదటి రెండు మూడు వారాలు పెద్దగా తేడా కనిపించదు. కండరం నిజంగా బలపడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాలుగు రోజులకే తగ్గలేదని డాక్టర్ని మార్చకండి.

మోకాలు

నలభై ఐదు, యాభై దాటాక మెట్లు దిగుతుంటే, కింద కూర్చుని లేస్తుంటే నొప్పి, పొద్దున కాసేపు బిగుసుకున్నట్టు ఉండి నడిస్తే సర్దుకోవడం. ఇది అరుగుదల. ఎక్స్‌రే చూసి భయపడకండి, బాగా అరిగినట్టు కనిపించే మోకాలితో హాయిగా నడిచేవాళ్ళు ఉన్నారు, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి మూలిగేవాళ్ళూ ఉన్నారు. చాలాసార్లు తేడా అంతా తొడ ముందు కండరంలో ఉంటుంది. మోకాలు నొప్పెట్టగానే ఆ కండరం సన్నబడటం మొదలవుతుంది, అది సన్నబడితే బరువు కీలు మీద పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని కండరం దగ్గరే తెంపాలి.

మొదటిది. చాప మీద కాళ్ళు చాపి, వెనక గోడకి ఆనుకుని కూర్చోండి. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టండి. ఆ తువ్వాలుని మోకాలి వెనకభాగంతో కిందికి నొక్కండి, తొడ గట్టిపడటం చేత్తో తడిమితే తెలుస్తుంది. అయిదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, పొద్దున, సాయంత్రం. బాగా వాపు ఉన్నవాళ్ళు కూడా ఇది చేసుకోవచ్చు.

రెండోది. వెల్లకిలా పడుకుని, బాగున్న మోకాలు మడిచి, నొప్పి ఉన్న కాలుని తిన్నగా ఒక అడుగు ఎత్తు లేపండి. అయిదు లెక్కపెట్టి నెమ్మదిగా దించండి, ధబ్బుమని వదిలేయకండి. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్ళు ముఖ్యంగా.

మూడోది అసలైనది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ప్లాస్టిక్ కుర్చీ అయితే వెనక గోడకి ఆనించండి, జారితే కొత్త గొడవ. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని ముందుకి వంగి లేవండి, కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. కష్టంగా ఉంటే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి, వారం వారం ఎత్తు తగ్గించుకుంటూ రండి. ఎనిమిది నుంచి పది సార్లు ఒక విడత, మధ్యలో రెండు నిమిషాలు ఆగి ఇంకో రెండు విడతలు. రోజు విడిచి రోజు చాలు, కండరానికి విశ్రాంతి కూడా కావాలి. ఈ ఒక్కటి మానకుండా చేస్తే మిగతావి అప్పుడప్పుడు తప్పినా నేనేమీ అనను.

కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు అని జీవితాంతం నిషేధం పెట్టే డాక్టర్లు ఉన్నారు. ఊడ్పులకి పోయే ఆడమనిషికి, పీట మీద కూర్చుని వంట చేసే ముసలమ్మకి ఆ మాట ఎలా కుదురుతుంది? నేను చెప్పేది ఏమిటంటే, నొప్పి మండుతున్న కొన్ని వారాలు తగ్గించండి, వీలైతే కమోడు వాడండి, పీట ఎత్తు పెంచండి, కాలు బలపడ్డాక మళ్ళీ కొంచెం కొంచెం అలవాటు చేసుకోండి.

మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర వాడితే నొప్పి ఉన్న వైపు కాదు, రెండోవైపు చేత్తో పట్టుకోవాలి. చైత్రంలో మంగళవారాలు తారాతరిణి కొండకి వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, అక్కడ 999 మెట్లు, ఎక్కడం కన్నా దిగడమే మోకాలికి భారం. ఎక్కి మొక్కు తీర్చుకుని, రోప్‌వేలో దిగితే అమ్మవారు ఏమీ అనుకోదు.

బరువు మాట కూడా చెప్పాలి, చెబితే కోపం వస్తుందని తెలుసు. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల దాకా తగ్గుతుంది. అయిదు కిలోలు తగ్గితే ఎంతో మీరే లెక్కేసుకోండి.

నడుము

బరంపురం పట్టు నేసే వీధుల్లో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గుంట మగ్గంలో కాళ్ళు దింపి, ముందుకి వంగి పొద్దుగూకేదాకా కూర్చుంటే నడుము పట్టేయకుండా ఎలా ఉంటుంది. ఇప్పుడు సూరత్‌లో మరమగ్గాల దగ్గర గంటలకొద్దీ నిలబడి, సెలవులకి ఇంటికొచ్చే గంజాం కుర్రాళ్ళూ అదే నడుము పట్టుకుని వస్తున్నారు.

ఎమ్మారైలో డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బింది అని రాగానే ఆపరేషనే అనుకుంటారు. అసలు నొప్పే లేనివాళ్ళని స్కాన్ చేసిన పరిశోధనలన్నీ కలిపి 2015లో చూస్తే, ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 మందికి డిస్కు ఉబ్బి కనిపించింది. అంటే జుట్టు నెరవడం లాంటిదే చాలావరకు. కాబట్టి రిపోర్టు కన్నా మీ ఒళ్ళు ఏం చెబుతోందో చూడండి.

నడుము కలుక్కుమన్న మొదటి ఒకటి రెండు రోజులు పడుకోండి, అంతకు మించి వద్దు. పదిహేను రోజులు మంచం మీద ఉంటే నడుము కండరాలు ఇంకా చచ్చుబడతాయి. ఇంట్లోనే పది నిమిషాలు నడవండి, కాసేపు పడుకోండి, మళ్ళీ నడవండి.

తర్వాత మీది ఏ రకమో తేల్చుకోండి. వంగితే, ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి పెరిగి, నడిస్తే హాయిగా ఉంటుందా? నేతగాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు ఎక్కువగా ఈ రకం. బోర్లా పడుకోండి. మొదట రెండు నిమిషాలు ఊరికే పడుకోండి, తర్వాత మోచేతుల మీద ఛాతీ లేపి ఇంకో రెండు నిమిషాలు, అది బాగుంటే అరచేతులు నేలకి ఆనించి తుంటి నేల మీదే ఉంచి ఒంటి పైభాగాన్ని లేపి దించండి, పదిసార్లు. రోజుకి నాలుగైదు మార్లు. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర 1956లో ఒక రోగి పొరపాటున తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద బోర్లా పడుకుని ఉండిపోయాడు. లేచేసరికి కాలి నొప్పి తగ్గింది. ఈ పద్ధతి అక్కణ్ణించి మొదలైంది.

ఇది చేస్తున్నప్పుడు ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించాలి. కాలిలోకి దిగిన నొప్పి పిక్కలోంచి తొడకి, తొడలోంచి నడుముకి పైపైకి వస్తుంటే మంచి సూచన, నడుములో కొంచెం ఎక్కువైనా సరే కొనసాగించండి. అదే నొప్పి కిందికి దిగి పాదం దాకా పోతుంటే వెంటనే ఆపేయండి, ఇది మీకు కాదు.

రెండో రకం పెద్దవాళ్ళలో కనిపిస్తుంది. కాస్త దూరం నడిచేసరికి రెండు కాళ్ళూ బరువెక్కి లాగుతాయి, కూర్చున్నా, ముందుకి వంగినా తగ్గిపోతుంది. వెన్నులో నరాల దారి ఇరుకైనప్పుడు ఇలా అవుతుంది. వీళ్ళు పైన చెప్పిన బోర్లా వ్యాయామం చేయకూడదు. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలుని చేతులతో ఛాతీ వైపు లాక్కుని పది లెక్కపెట్టాలి, అలా అయిదుసార్లు. సైకిలు తొక్కగలిగితే నడక కన్నా అదే నయం.

తీవ్రత తగ్గాక ఇద్దరికీ పనికొచ్చేవి రెండు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తుంటి పైకి లేపి అయిదు లెక్కపెట్టి దించడం. మోకాళ్ళు, అరచేతుల మీద నిలబడి కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపి నడుము ఊగకుండా ఉంచి, తర్వాత అటుది ఇటు చేయడం. ఒక్కోటి పదిసార్లు.

మగ్గం పనివాళ్ళు అరగంటకోసారి లేచి నిలబడి, చేతులు నడుము మీద పెట్టి అయిదుసార్లు వెనక్కి వంగండి. గిరాకీ ఉన్న రోజుల్లో ఇది కుదరదంటారు, కానీ పట్టేసిన నడుముతో పోయే రోజులతో పోలిస్తే ఈ అర నిమిషం ఎంత?

భుజం

ఇందులో రెండు జబ్బులు ఉన్నాయి, రెండిటికీ వైద్యం వేరు, కలిపేస్తే నష్టం. ఇలా తేల్చుకోండి. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, మోచేతి దగ్గర మడిచి, ముంజేతిని బయటికి తిప్పండి. తర్వాత ఇంట్లోవాళ్ళని అదే పని మెల్లగా చేయమనండి. మీరు తిప్పినా, వాళ్ళు తిప్పినా ఒకే చోట ఆగిపోతుంటే భుజం బిగుసుకుంది, ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. మీకు రాకపోయినా వాళ్ళు తిప్పితే వస్తుంటే కండరం సంగతి.

బిగుసుకున్న భుజం ఎక్కువగా నలభై నుంచి అరవై మధ్య, షుగరు ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ. ఇంతవరకు షుగరు చూపించుకోకపోతే ఈ వంకతో చూపించుకోండి. రాత్రుళ్ళు నిద్రపట్టనంత నొప్పి ఉన్న తొలి నెలల్లో ఎవరైనా చెయ్యి పట్టుకుని బలంగా లాగుతానంటే ఒప్పుకోకండి. ఆ దశలో ముందుకి వంగి బల్లకి ఒక చెయ్యి ఆనించి, నొప్పి చేతిని వేలాడదీసి చిన్న చిన్న సున్నాలు చుట్టడం చాలు. నొప్పి నెమ్మదించి బిగువు మిగిలాక రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చేత్తో రెండో చేతిని బయటికి తోయడం, గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం, రోజూ చేరిన చోట సుద్దతో గీత గీయడం. ఇది ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు సాగుతుంది, ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు.

కండరం రకం గోపాల్‌పూర్, ఆర్యపల్లి వైపు వలలు లాగేవాళ్ళలో, తలకి మించి బరువులెత్తేవాళ్ళలో కనిపిస్తుంది. చెయ్యి పక్కకి లేపుతుంటే మధ్యలో ఒకచోట కలుక్కుమంటుంది. పాత సైకిలు ట్యూబు నిలువుగా కోసి కిటికీ ఊచకి కట్టండి. మోచెయ్యి నడుముకి ఆనించి, మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టి, ట్యూబుని బయటికి లాగి మెల్లగా వదలండి. పదిసార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. నొప్పి బాగా ఉన్నప్పుడు ట్యూబు వద్దు, చేతి వెనకభాగాన్ని గోడకి నొక్కి పది లెక్కపెడితే చాలు. వేట మానేయమని నేను చెప్పను, కొన్ని వారాలు తాడు మీద మీ చోటు మార్చుకోండి. పడ్డాక చెయ్యి అసలు లేవకపోతే మాత్రం కండరం తెగి ఉండొచ్చు, ఆలస్యం చేయకండి.

మడమ, మోచెయ్యి, చీలమండ

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చినట్టుంటే, మెట్టు అంచు మీద వేళ్ళ కింద మడత తువ్వాలు పెట్టి నిలబడి, మూడు లెక్కల్లో మడమ పైకి, రెండు లెక్కలు ఆగి, మూడు లెక్కల్లో కిందికి. పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి, గచ్చు మీద ఉత్తికాళ్ళతో వద్దు.

మోచేతి బయటివైపు నొప్పి, బట్టలు పిండుతుంటే ఎక్కువ. అరలీటరు నీళ్ళ సీసా పట్టుకుని, ముంజేతిని బల్ల మీద పెట్టి, మణికట్టుని రెండో చేత్తో పైకి లేపి, సీసాని నెమ్మదిగా కిందికి దించండి. పదిహేనుసార్లు.

చీలమండ బెణికితే మొదటి రెండు మూడు రోజులు నూనె పోసి నలపకండి, మెలితిప్పి "సరిచేసే"వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ పక్కల ఉండే ఎముక గుబ్బ వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయాలి. లేకపోతే క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తులో పెట్టి, ఓర్చుకోగలిగినంత నడవండి. ఐసు పెట్టాలి, కదపకూడదు అనే సలహాకి 1978లో ప్రచారం తెచ్చిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కినే, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత మాట మార్చుకున్నాడు. నొప్పి ఓర్చుకోలేకపోతే పదిహేను నిమిషాలు బట్టలో చుట్టి పెట్టుకోండి, అంతే. వారం తర్వాత ఒంటికాలి మీద అర నిమిషం నిలబడటం అభ్యాసం చేయండి, అది చేయకపోతే అదే కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది.

పాత నొప్పులకి, బిగుసుకున్న వాటికి వేడి కాపడం మంచిది. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు మాత్రం వేడి సంచి పెట్టకండి, కాలినా తెలియదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఆరు వారాలు వదలకుండా చేసినా మార్పు లేకపోతే, తిమ్మిరి పెరుగుతుంటే చూపించుకోండి. బరంపురంలో ఎంకేసీజీ, కోరాపుట్‌లో ఎస్‌ఎల్‌ఎన్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద దెబ్బలు తగిలి లేవలేనివాళ్ళకి, కృత్రిమ కాళ్ళు కావాల్సినవాళ్ళకి కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. ప్రైవేటుగా వెళ్తే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివారా అని అడగండి, అడగడంలో తప్పులేదు. పాత ఎక్స్‌రేలు, వేసుకునే మాత్రలు అన్నీ పట్టుకెళ్ళండి, మోకాలి పైదాకా జరిగే వదులు బట్టలు వేసుకోండి. ఒడియా రాని పెద్దవాళ్ళని ఒంటరిగా పంపకండి, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో సరిగ్గా చెప్పగలిగితేనే సగం పని అవుతుంది. వెళ్ళాక మీ చేత కసరత్తు చేయించి, తప్పులు దిద్ది, ఇంట్లో ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చేవాళ్ళ దగ్గర ఉండండి. పది రోజులకి డబ్బు ముందే కట్టించుకుని, మిషను తగిలించి ఫోను చూసుకుంటూ కూర్చునేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.